నాచేత చేయించారు

గడుసుపిల్లకి ఒళ్ళు మండిపోయింది.

"మళ్ళీ చెప్పు," అంది కొత్త టీచరు.

"నాచేత మోయించారు," అని జపనీసులో అప్పజెప్పింది గడుసుపిల్ల, పళ్ళు నూరుతూ.

ఫ్యాక్టరీలో పైవాళ్ళు మాట్లాడేది ఆ భాషే. ఈ ట్రైనింగు సెంటర్లో చివరి పరీక్ష గట్టెక్కితేనే అక్కడ ఉద్యోగం. ఈవిడేమో ఒకే పాఠం పట్టుకుని వేలాడుతోంది. ఇష్టం లేని పని మనచేత బలవంతంగా చేయిస్తే, ఆ సంగతి ఎలా చెప్పాలన్న పాఠం.

"నాచేత తుడిపించారు. నాచేత ఆపించారు. ఊఁ, అనండి!"

"టీచరుగారు నాచేత వల్లె వేయించారు!" అంది గడుసుపిల్ల.

క్లాసంతా గొల్లున నవ్వింది. టీచరు నవ్వలేదు.

"బాగుంది. నిద్రలో లేపి అడిగినా అలాగే రావాలి."

"ఇది పరీక్షలో లేదు కదండీ! ఫెయిలైతే ఉద్యోగం మీరిస్తారా?"

"మళ్ళీ చెప్పు," అంది టీచరు.

ఇక ఊరుకోలేదు గడుసుపిల్ల. అందరినీ వెంటేసుకుని మేనేజరు గదికి వెళ్ళింది. మర్నాడు వేరే టీచరు వచ్చాడు. పీడ విరగడైందనుకున్నారు.

ఉద్యోగం వచ్చింది. ఇనుప ముక్కల్ని అచ్చులో నొక్కే మిషన్ మీద పని. చెయ్యి లోపలికి పోకుండా ముందు ఒక అడ్డురేకు ఉంటుంది.

"ఆ రేకు తీసెయ్. ఇలాగైతే పని తెమిలినట్టే!" అన్నాడు సూపర్‌వైజరు ఓ రోజు.

"వేళ్ళు పోతాయండీ."

"తీస్తావా, ఇంటికి పోతావా?"

తీసింది. మధ్యాహ్నానికల్లా చూపుడువేలు నలిగిపోయింది.

విచారణలో ఆ పెద్దమనిషి తడుముకోకుండా అబద్ధమాడాడు.

"తొందరపడి తనే తీసిందండీ."

పెద్దాఫీసరు ఆమె వైపు తిరిగి జపనీసులో అడిగాడు. "నువ్వే తీశావా?"

ఎంత అన్యాయం! కోపంతో బుర్రలో ఒక్క ముక్కా మిగల్లేదు. అయినా మాట దానంతటదే వచ్చింది.

"నాచేత తీయించారు."

"ఎవరు?"

కట్టు కట్టిన చేత్తోనే చూపించింది. సూపర్‌వైజరు ముఖం పాలిపోయింది.

బయటికి రాగానే ఎన్నాళ్ళనుంచో అక్కడే పనిచేస్తున్న ఒకావిడ భుజం తట్టింది.

"భలే చెప్పావే తల్లీ! ఇదివరకు ఇదే మిషన్ మీద ఒకావిడకి ఇలాగే అయింది. పాపం, 'తీశాను' అనడం ఒక్కటే వచ్చు. తప్పు ఒప్పుకుందని గెంటేశారు."

"తర్వాత ఏమైందక్కా?"

"పట్టుబట్టి ఆ భాషంతా నేర్చుకుని, మీ ట్రైనింగు సెంటర్లోనే టీచరుగా చేరింది. ఎవరో మహాతల్లి ఫిర్యాదు చేసి ఆ ఉద్యోగమూ ఊడగొట్టిందట."