రిజిస్టర్లో కొట్టేసిన పేరు

స్త్రీలను చర్చిలో ప్రసంగించే పుల్పిట్ ఎక్కించాలని జీవితమంతా పోరాడి కన్నుమూసిన పాస్టర్ యెషయా అయ్యగారి చరిత్ర రాయడానికి, సంఘం సెక్రటరీ మల్కాజ్‌గిరిలో దేవకృప టీచర్ ఇంటికొచ్చాడు.

"అయ్యగారు చిన్నప్పుడు మీ సండే స్కూల్లనే చదివిండ్రట గదా, టీచరమ్మా?"

"చదివిండు. మీరు పుల్పిట్ ఎందుకెక్కరని నన్నే అడిగిండు. రిజిస్టర్ల పేరు కొట్టేసి ఇంటికి పంపిన."

'గురువు ప్రోత్సాహంతో ప్రశ్నించడం నేర్చారు' అని సెక్రటరీ భక్తిగా రాసుకున్నాడు.

"గట్ల రాయకు. ఆదివారం జ్ఞాపకార్థ కూడికల నేనే మాట్లాడత. నా తప్పు ఒప్పుకోవాలె."

"తప్పకుండ రండమ్మా. ముందు వరుసల కుర్చీ వేయిస్త. పుల్పిట్ మీదికంటే... పెద్దలు ఇంకా ఒప్పుకుంటలేరు."

టీచర్ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ఆయన పేరు కొట్టేసింది నేనొక్కదాన్నే అనుకున్న, ఇన్నేండ్లు."