చెరువుకట్ట మీది దీపస్తంభం

గిద్దలూరు దాపున ఒక చెరువుకట్ట మీద దీపస్తంభం కట్టి రెండేళ్ళయింది. నలభై అడుగుల ఎత్తు, లోపల మెలికల మెట్లు, పైన నాలుగు వైపులా అద్దాలు. ఆ వింత చూడడానికి మద్రాసు నుంచి తెలుగు పరీక్ష పాసైన దొర వచ్చాడు. అప్పటికి చెరువులో మేకలు మేస్తున్నాయి.

"వానలు లేవు దొరా," అన్నాడు స్తంభం కట్టించిన ఓవర్సీరు శేషగిరిరావు.

దొర, స్తంభం మీద దీపం వెలిగించే పనివాడు ఏబేలు వైపు తిరిగాడు. "ఇచ్చట ఎన్ని పడవలు మునిగినవి?"

"ఒక్కటి గూడా మునగలేదు దొరా. మా చెరువులో పడవలే లేవు."

ఓవర్సీరు కళ్ళెర్రజేశాడు. నోరు జారితే ఉద్యోగం ఊడుతుందని పొద్దున్నే బెదిరించి ఉన్నాడు. కానీ కట్ట కింద ఎండిపోయిన మళ్ళు ఏబేలు అన్నదమ్ములవి. వాళ్ళు పిల్లాజెల్లాతో కూలికి వలసపోయారు. ఏబేలు ఆగలేకపోయాడు.

"వానలు దండిగా కురిసినాయి దొరా. కట్టకు పేర్చిన రాళ్ళు పీకించి ఈయన ఈ స్తంభం లేపినాడు. పోయిన వానాకాలం కట్ట తెగింది. చెరువంతా ఒక్క పూటలో ఖాళీ అయిపోయింది."

దొర స్తంభాన్ని చేత్తో తడిమి చూశాడు.

"అంత వరదకూ ఇది కదలలేదా?"

"లేదు దొరా."

దొరకు అంతా అర్థమైందనుకున్నాడు ఏబేలు. గుండె తేలికపడింది.

నెల తిరక్కుండానే హుకుం వచ్చింది. అంత గట్టి పని చేసినందుకు శేషగిరిరావుకు పై పదవి ఇచ్చి, తాలూకాలోని మిగతా చెరువులన్నిటికీ దీపస్తంభాలు కట్టించమన్నారు. రాళ్ళు ఎక్కడ దొరుకుతాయో తెలిసిన మనిషని ఏబేలును ఆయన కింద మేస్త్రీగా వేశారు.