స్నానాల గది గడియ

పందొమ్మిదేళ్ల అమ్మాయి స్నానాల గదిలోకి దూరి గడియ వేసింది, తీసింది, మళ్లీ వేసి పకపకా నవ్వింది.

ఆరేళ్ల కిందట ఆమెకు ఫిట్స్ మొదలైన రోజే అమ్మ ఆ గడియ ఊడదీసింది. రెండేళ్లుగా ఫిట్స్ ఒక్కసారీ రాలేదు, ఇక గడియ పెట్టుకోవచ్చని నిన్న డాక్టరు చెప్పాడు. పొద్దున్నే అమ్మే స్క్రూడ్రైవర్ పట్టుకుని బిగించింది.

“ఏమే, ఉన్నావా?”

“అమ్మా, ఇది పదకొండోసారి! పలికినప్పుడల్లా సబ్బు నోట్లోకి పోతోంది!”

కూతురు బయటికి రాగానే, “జరుగు, ఇక నా వంతు” అంటూ అమ్మ లోపలికెళ్లి గడియ వేసుకుంది.

ఈ ఆరేళ్లూ చెవి కూతురి మీదే పెట్టి, రెండు చెంబులు గుమ్మరించుకుని బయటపడే మనిషి, ముప్పావుగంటైనా రాలేదు. లోపలినుంచి గొంతెత్తిన పాట వినిపిస్తోంది. అమ్మ పాడుతుందన్న సంగతే కూతురు మరిచిపోయింది.

తలుపు తట్టింది.

“ఆగవే! ఇంకా రెండు చరణాలున్నాయి!”