పింగళ ఈక ఎవరికి?

చెరువు ఎండిపోతోంది. కొంగల గుంపును కొత్త నీటికి నడిపించే నాయకత్వానికి కువలయ అనే ఆడకొంగ, ధవళుడనే మగకొంగ పోటీపడుతున్నారు. నచ్చినవారి ముందు ఒక ఈకను వదలడం అక్కడి ఆచారం.

ముసలి పింగళ తన ఈకతో ధవళుడివైపు నడిచింది.

“నేను ఆడదాన్ననేగా, పిన్నీ?” అంది కువలయ.

పింగళకు ఒళ్ళు మండింది. “నేను మాత్రం మగదాన్నా? నిరుడు దక్షిణాన నీళ్ళున్నాయని అబద్ధమాడావు. నా పిల్లలు దాహంతో అల్లాడారు.”

“ఆ మాట ధవళుడూ చెప్పాడుగా?”

“అతడు పాపం, పొరపాటుపడ్డాడు.”

తన మాట తన చెవినే పడి, పింగళ ఒంటికాలిపై చాలాసేపు ఆలోచించింది. ఆపైన ఫక్కున నవ్వింది.

“ఇద్దరూ చెప్పండర్రా! ఈసారైనా నీళ్ళను కళ్ళారా చూశారా?”

ధవళుడు తన వంశప్రతిష్ఠ గురించి ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

“లేదు పిన్నీ. ఇప్పుడే వెళ్ళి చూసొస్తాను,” అంది కువలయ.

“అయితే నా ఈక నీకే. కానీ నేనూ వెంట వస్తాను. నమ్మకం ఇంకా కుదరలేదు మరి!”

ఇద్దరూ నవ్వుకుంటూ ఎగిరారు.