హైదరాబాదు బోణీ

"బోణీ అయిందా అండీ?" కొట్టు వెనకున్న ఇంట్లోంచి కాఫీ గ్లాసుతో వస్తూ అడిగింది సూర్యకళ.

"అయింది," అన్నాడు చంద్రరావు, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా. "హైదరాబాదు నుంచే."

తణుకు బజారులో ఆయనది స్టీలు సామాన్ల కొట్టు. షట్టరు అప్పుడే ఎత్తాడు. గిన్నెల మీద దుమ్ము కూడా ఇంకా దులపలేదు. ఆయన చెప్పిన బోణీ కొట్టుది కాదు, కొట్టు వెబ్‌సైటుది.

బోణీ కానిదే ఆయన కాఫీ ముట్టడు. కొట్టు పెట్టిన కొత్తలో మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపుతో కూర్చున్న రోజులున్నాయి. ఓసారి వంటింటి అటక దులుపుతుంటే తన కొట్టు గరిటెలే కట్టలు కట్టలుగా బయటపడ్డాయి. పూలమ్మే వెంకటదుర్గ చేతికి డబ్బులిచ్చి సూర్యకళే కొనిపించేదట. "ఎవరు కొంటే ఏంటండీ, మీ కడుపులో ఇంత కాఫీ పడిందిగా," అంది. ఆ కథ చెప్పి కూతురు హరిచందన తండ్రిని ఎన్నిసార్లు ఆటపట్టించిందో.

వెబ్‌సైటు కూడా చందన చేసిందే, కాలేజీ ప్రాజెక్టు కోసం. తనతో చదివిన ఉదయభాస్కర్‌ని చేసుకుంటానన్నప్పుడు చంద్రరావు, "అయితే మళ్ళీ నా గడప తొక్కకు," అన్నాడు. "మీరు పిలిస్తేనే వస్తాను," అని వెళ్ళిపోయింది పిల్ల. ఫోన్ నంబరు మార్చేసింది. హైదరాబాదులో ఉంటోందని తెలుసు, అంతే. ఆమె ఇల్లు విడిచి మూడేళ్ళయినా ఆ సైటుని మాత్రం ఆయన ఆగిపోనివ్వలేదు.

ఈ వేసవిలో తమ్ముడి కూతురు శ్రీదివ్య వచ్చింది. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చెబుతుంది.

"పెదనాన్నా, మన పేజీ ఎవరు తెరిచినా ఇక్కడ తెలుస్తుంది. ఇదిగో, పొద్దున హైదరాబాదు నుంచి ఎవరో చూశారు."

చంద్రరావు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఊరు దానికెలా తెలుసమ్మా?"

"అడ్రసు చెప్పకపోతే మీరు సరుకు ఎక్కడికి పంపుతారు? ఇదీ అంతే. ఫోను 'ఫలానా పేజీ కావాలి' అని అడుగుతూ తన ఇంటర్నెట్ నంబరు కూడా చెబుతుంది, ఫోన్ నంబరు కాదు. సర్వరు ఆ పేజీని ముక్కలు ముక్కలు చేసి ఆ నంబరుకి పంపుతుంది. అక్కడికెళ్ళాక ముక్కలన్నీ మళ్ళీ ఒకటవుతాయి. కాకపోతే మొబైల్ డేటా అయితే ఊరు సరిగ్గా తెలీదు, ఆ ఫోన్ కంపెనీవాళ్ళ యంత్రం ఎక్కడుంటే ఆ ఊరి పేరే..."

"మనంతట మనం ఆ నంబరుకి ఏదైనా పంపొచ్చా?"

"కుదరదండీ. గల్లాపెట్టె దగ్గర కూర్చుని రోడ్డున పోయేవాళ్ళ చేతిలో గిన్నె పెట్టలేరుగా. వాళ్ళొచ్చి అడగాలి, అప్పుడే ఇది ఇస్తుంది."

"చందనే," అన్నాడు చంద్రరావు. "అడుగుతోంది."

గుమ్మంలో నిలబడి వింటున్న సూర్యకళ లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడూ కొట్టు తెరిచీ తెరవగానే హైదరాబాదు కనబడింది. ఆ మర్నాడూ అంతే. ఇక ఆయన రోజూ పేజీలో కొత్త ఫోటో పెట్టించసాగాడు. చందన హోంవర్కు చేసుకున్న ముక్కాలిపీట. ఆమె పేరు కొట్టించిన పాలగిన్నె. చిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్న సూర్యకళ.

"కొనేవాళ్ళు నవ్విపోతారు పెదనాన్నా. పెద్దమ్మ రేటెంత అంటారు," అంది శ్రీదివ్య.

"నవ్వనీ."

చివరికి ఒకరోజు గిన్నెలన్నిటికీ పైన పెద్దక్షరాలతో రాయించాడు: చందూ, తప్పు నాది. పిలుస్తున్నాను, రా తల్లీ.

మర్నాడు పొద్దున హైదరాబాదు ఆ పేజీ తెరిచింది. ఫోన్ మాత్రం రాలేదు. ఆ రోజు నుంచి కొట్టు ముందు ఆటో ఆగినప్పుడల్లా చంద్రరావు లేచి నిలబడేవాడు.

అంతలో సూర్యకళకి రాజమండ్రిలో కంటి శుక్లం ఆపరేషన్ అయింది. షుగరు ఉందని రెండ్రోజులు ఆసుపత్రిలోనే ఉంచారు. ఫోను వైపు చూడనివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

మొదటిరోజు హైదరాబాదు నుంచి ఎవరూ రాలేదు. రెండోరోజూ లేదు. చంద్రరావు వరండాలోకెళ్ళి శ్రీదివ్యకి ఫోన్ చేశాడు. "సైటు పాడైందేమో చూడమ్మా."

"బాగానే ఉంది పెదనాన్నా. ఎవరూ అడగలేదు, అంతే."

తిరిగొచ్చి మంచం పక్కన కూలబడ్డాడు.

"రమ్మన్నాను సూర్యా, అందుకే మానేసింది. నోరు మూసుకుని ఉంటే రోజూ వచ్చి చూసుకునేదైనా."

"నిన్నటి నుంచి మీరు కాఫీ కూడా తాగలేదు."

"బోణీ కానీ."

సూర్యకళ చెయ్యి చాపింది. "నా ఫోనిలా ఇవ్వండి."

"డాక్టరుగారు వద్దన్నారుగా."

"అక్కయ్యతో ఒక్క మాట మాట్లాడి పెట్టేస్తాను. మీరు కిందకెళ్ళి నాకైనా కాఫీ తెచ్చిపెట్టండి."

క్యాంటీను వరసలో నిలబడి చంద్రరావు ఆశ చావక తన ఫోన్లో మరోసారి చూశాడు. హైదరాబాదు.

అక్కడే గబగబా కాఫీ తాగేసి, ఆవిడ గ్లాసు పట్టుకుని కుర్రాడిలా మెట్లెక్కాడు.

"సూర్యా, బోణీ అయింది. దానికి మన మీద కోపం లేదే. వచ్చేస్తుంది చూడు."

సూర్యకళ గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రపట్టినట్టుందనుకుని, చేతిలోంచి జారిపోతున్న ఫోను మెల్లిగా తీశాడు. వేలు తగిలి తెర వెలిగింది.

అందులో 'చందూ, తప్పు నాది' అని ఉంది.