ముందు ఎవరి వైరు?

ఆ రోజు ఇంట్లో ఐదుగురున్నారు. హాల్లో సీరియల్ చూస్తూ నానమ్మ, వంటగట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు మీటింగులో నాన్న, మంచమెక్కి సినిమా చూస్తూ బాబాయి, ఒక గదిలో అక్క, పక్క గదిలో చిన్నది.

అందరికీ కలిపి ఒకటే నెట్టు. పదకొండింటికి అక్కకి ఉద్యోగం ఇంటర్వ్యూ. సరిగ్గా అప్పుడే చిన్నదానికి కాలేజీ సీటు కోసం ఆన్‌లైన్ పరీక్ష.

ఇంట్లోని నెట్టు వైర్లన్నీ చెప్పుల స్టాండు పైనున్న నెట్‌వర్క్ స్విచ్‌లోకే వస్తాయి. రద్దీ పెరిగితే ఏ పోర్టుకి, అంటే ఏ వైరు గుచ్చే కన్నానికి, ముందు దారివ్వాలో, దేన్ని ఆపాలో దానికి చెప్పిపెట్టడం చిన్నదానికొక్కదానికే తెలుసు. ఒకటో పోర్టు తనది. రెండోది అక్కది.

"నిన్నే ముందు పెట్టానక్కా," అంది చిన్నది ముందురోజు.

"మరి నీ పరీక్షో?"

"నాకేం, నత్తనడక నడిచినా చాలు."

ఆ మాటన్నాక చిన్నది అక్క ముఖంలోకి చూడలేకపోయింది. నిజానికి తను ముందు పెట్టింది ఒకటో పోర్టుని. అక్కది అందరికన్నా చివర, నానమ్మ సీరియల్ తర్వాత. అప్పటికే రెండు ఇంటర్వ్యూలు పోగొట్టుకున్న అక్క ఇది కూడా పోతే ఇక ప్రయత్నించనంటోంది. అది చిన్నదానికి తెలుసు. అయినా మార్చలేదు.

పదకొండయింది. మూడో ప్రశ్న దగ్గర తెర బిగుసుకుపోయింది. కదిలింది, మళ్ళీ ఆగింది. చివరికి గడువు దాటి పరీక్ష దానంతటదే మూసుకుపోయింది. గోడవతల అక్క గొంతు మాత్రం గలగలా వినిపిస్తూనే ఉంది.

పోర్టుల అంకెలు తారుమారు కొట్టి ఉంటాననుకుంది చిన్నది. ఏడుపొచ్చింది. ఆ ఏడుపు అడుగున కాస్త ఊరట. అక్క కొంప ముంచబోయి ముంచలేకపోయింది. ఆ ఊరటకి ఇంకా సిగ్గేసింది.

అక్క గది తలుపు తెరుచుకుంది. ఉద్యోగం వచ్చేసినట్టేనంటూ గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. చిన్నదాని ఎర్రబడ్డ కళ్ళు చూసి, పరీక్ష ఎలా రాశావని అడిగింది.

"మొత్తం పోయింది. పోనీలే, నిన్ను ముందు పెట్టాక నాకేం మిగులుతుంది?" అంది చిన్నది నేల చూస్తూ.

అక్క నవ్వు ఆగిపోయింది.

"నా కోసం నీ సీటు పోగొట్టుకుంటావేమోనని, పొద్దున్నే నీ వైరు నా పోర్టులో, నా వైరు నీ పోర్టులో మార్చి పెట్టానే," అని అక్క తలుపు మూసేసింది.