మూలంలో క్షమించాడు

నాలుగోసారి కూడా ఆ వాక్యం అలాగే వచ్చింది: 'అతను ఆమెను క్షమించలేదు.'

ప్రూఫ్ రీడరుకి ఒళ్లు మండింది. ఎర్ర పెన్నుతో 'క్షమించలేదు' కొట్టేసి 'క్షమించాడు' అని దిద్దాడు. పక్కన చీటీ అంటించి మళ్లీ రాశాడు: 'మూలంలో క్షమించాడు. దయచేసి సరిచూడండి.'

అది ఎప్పటిదో పాత ఫ్రెంచి నవల. కుట్రకి బలై సర్వం పోగొట్టుకున్నవాడు తిరిగొచ్చి, శత్రువుల్ని ఒక్కొక్కరినే మట్టి కరిపిస్తాడు. ఆఖర్న ఒకప్పటి ప్రియురాలు ఎదురుపడుతుంది. కష్టకాలంలో అతన్ని కాదనుకున్న మనిషి. ఆమెను మాత్రం పల్లెత్తు మాట అనకుండా వదిలేస్తాడు.

అనువాదకుడెవరో కలంపేరు తప్ప ఏమీ తెలియదు. ఐదొందల పేజీలు చక్కగా తెలుగులోకి తెచ్చి, ఈ ఒక్కచోటే మొండికేశాడు. దిద్ది పంపడం, అదే ముక్క తిరిగి రావడం. నెలన్నరగా ఇదే వరస.

ప్రెస్సు యజమానికి చెబితే ఆయన విసుక్కున్నాడు.

"అచ్చుతప్పులు చూడవయ్యా, చాలు. ఎవడు ఎవర్ని క్షమిస్తే నీకేంటి? అసలు నీకు ఫ్రెంచి ఎక్కడిది?"

ఒక నిఘంటువు, ఆ ఒక్క నవల, పదకొండేళ్ల తీరిక అన్నాడతను. యజమాని అది హాస్యమనుకుని నవ్వేశాడు. పోరు పడలేక చిరునామా రాసిచ్చాడు.

మధ్యాహ్నం ప్రూఫులు చంకన పెట్టుకుని బయల్దేరాడు. బస్సు సగం దారిలో ఆగిపోయింది. మిగతా దూరం ఎండలో నడిచాడు. తీరా వెళ్తే ఇల్లు నాలుగో అంతస్తు, లిఫ్టు పనిచెయ్యడంలేదు. మెట్టుమెట్టుకీ కోపం పెరిగింది.

తలుపు తీసినావిడకి జుట్టు పూర్తిగా నెరిసింది. అనువాదకుడి భార్య కాబోలనుకుని, ఆయన ఉన్నారా అని అడిగాడు. అనువాదం తనదేనందావిడ.

అతను కాస్త తడబడ్డాడు గానీ కోపం దిగలేదు. మొహం కూడా సరిగా చూడకుండా లోపలికి నడిచి, బల్లమీద కాగితాలు పరిచి, ఆ వాక్యం మీద వేలు పెట్టాడు.

"ఇదిగోనండీ. మీకు నచ్చలేదని కథ మార్చేస్తే ఎలా? అతను క్షమించాడు."

ఆవిడ అతని వేలి కిందున్న వాక్యం చదివింది.

"అంత అన్యాయం చేసినదాన్ని ఎవరైనా క్షమిస్తారా?"

"క్షమించాడమ్మా. వెంటనే కాదు. ముందు పళ్లు నూరాడు, ఏళ్లకేళ్లు నిద్ర మానుకున్నాడు. ఆ పిల్లని ఎవరు భయపెట్టారో, ఎంత భయపడిందో తర్వాతెప్పుడో తట్టింది. తట్టాక ఇంక కోపం నిలవలేదు." అతను ఆ వాక్యాన్ని మళ్లీ వేలితో చూపించాడు. "ఈ ముక్క ఇంకెన్నిసార్లు రాయమంటారు చెప్పండి?"

ఆవిడ అతనికి ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

"మొదటి చీటీలోనే నీ చేతిరాత గుర్తుపట్టాను, ఆ రోజు కోర్టులో నీమీద అబద్ధపు సాక్ష్యం చెప్పి పదకొండేళ్లు జైల్లో పెట్టించినదాన్ని నేనే, ఆ ఒక్క మాట నీచేత మళ్లీమళ్లీ రాయించుకోవాలనే తప్పు దిద్దకుండా పంపుతున్నాను."